పనిచోట కింది మనిషి మాట



హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిది గంటలు. ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆరుగురు కూర్చుని అమెరికాలో ఉన్న మేనేజరుతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. "ఈ పని గురువారానికి అయిపోతుందా?" అని ఆయన అడిగాడు. ఇక్కడి టీమ్ లీడు ఒక్క క్షణం ఆగి, "ట్రై చేస్తాం" అన్నాడు. గురువారానికి కాదని పక్కనున్న ఐదుగురికీ అర్థమైపోయింది. అతను ఆగాడు చూశారా, జవాబు అక్కడే ఉంది. అవతలి మనిషికి మాత్రం ఆ ఆగడం వినిపించలేదు. గురువారం అని రాసుకున్నాడు. శుక్రవారం పొద్దున ఆయనకు కోపం వచ్చింది, మాటిచ్చి తప్పారని. ఇక్కడి వాళ్లకు బాధ కలిగింది, అంత తెలిసేలా చెప్పినా పట్టించుకోలేదని.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. పెద్దవాళ్ల మొహం మీద కాదు అనకూడదని మనం చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఇంటికొచ్చిన చుట్టంతోనూ, బడిలో మాస్టారితోనూ, ఆఫీసులో సారుతోనూ అలాగే ఉంటాం. అమెరికా మేనేజరు పెరిగిన చోట, "గురువారం కుదరదు, సోమవారం ఇస్తాం" అని ముందే చెప్పడమే మర్యాద. రెండు మర్యాదలూ మంచివే. ఒకే పనిలో ఎదురుపడినప్పుడే చిక్కు.

ఇలాంటి చిక్కుల గురించే ఈరోజు మాట్లాడదలిచాను. వేర్వేరు ఊళ్ల, భాషల, దేశాల మనుషులు ఒకే కప్పు కింద పనిచేసేటప్పుడు ఈ తేడాల బరువు ఎవరు మోయాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. పైనున్నవాళ్లే మోయాలి. కింద ఉన్నవాళ్లు ధైర్యం తెచ్చుకోవాలి, నోరు విప్పడం నేర్చుకోవాలి అని శిక్షణ తరగతులు చాలానే జరుగుతున్నాయి. కింది మనిషి మాట్లాడగలిగేలా పని పద్ధతిని మార్చడం మాత్రం చాలా కొద్ది చోట్లే జరుగుతోంది.

ఈ తేడాలను కొలవాలని ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ హాఫ్‌స్టెడ్ అనే పరిశోధకుడు, 1967 నుంచి 1973 మధ్య ఐబీఎం కంపెనీ ఉద్యోగులు రకరకాల దేశాల్లో నింపిన లక్షకు పైగా ప్రశ్నాపత్రాలను పరిశీలించి, 1980లో పుస్తకం వేశాడు. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య ఎంత ఎడం ఉంటే సహజమని జనం అనుకుంటారో దేశాలవారీగా అంకెలు ఇచ్చాడు. మన దేశానికి 77 వచ్చింది. దక్షిణ కొరియాకు 60, జపాన్‌కు 54, అమెరికాకు 40, డెన్మార్క్‌కు 18. ఇప్పటికీ మేనేజ్‌మెంట్ కాలేజీల్లో ఈ పట్టికను పాఠంగా చెబుతారు.

పట్టిక పనికొచ్చేదే. కానీ అది ఒక కంపెనీ ఉద్యోగుల జవాబుల సగటు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి, పాతబస్తీలో పెరిగిన అబ్బాయి, గుంటూరులో చదివి డల్లాస్‌లో పదేళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఇంజనీరు, ముగ్గురి నుదుటి మీదా 77 అని రాసిపెట్టి లేదు. "ఇండియన్లు ఇంతే, కొరియన్లు ఇంతే" అని తేల్చేసుకుంటే ఎదురుగా ఉన్న మనిషిని చూడటం మానేస్తాం. నాకు ఈ విషయంలో పట్టికల కంటే విమాన ప్రమాదాల మీద జరిగిన విచారణలే ఎక్కువ నేర్పాయి. అక్కడ చివరి నిమిషాల్లో ఎవరు ఏ మాట అన్నారో రికార్డయి ఉంటుంది.

1990 జనవరి 25. కొలంబియా నుంచి న్యూయార్కు వస్తోంది ఆవియాంకా 52 విమానం. వాతావరణం బాగోలేదు. మూడు చోట్ల కలిపి గంటా పదిహేడు నిమిషాలు గాల్లోనే చక్కర్లు కొట్టించారు. ఇంధనం అడుగంటుతోంది. ఒకసారి దిగబోయి, గాలి అనుకూలించక మళ్లీ పైకి లేచారు. "ఎమర్జెన్సీ అని వాళ్లకు చెప్పు" అని కెప్టెన్ స్పానిష్‌లో కో-పైలట్‌కు చెప్పాడు. కో-పైలట్ కంట్రోలరుతో ఇంగ్లిష్‌లో, మళ్లీ ప్రయత్నిస్తామని, ఇంధనం అయిపోతోందని అన్నాడు. ఎమర్జెన్సీ అన్న మాట మాత్రం అతని నోట రాలేదు. దిగబోయే విమానాలన్నిటిలోనూ ఇంధనం తక్కువే ఉంటుంది కదా, కంట్రోలరు దాన్ని మామూలు మాటగానే తీసుకున్నాడు. చెప్పావా అని కెప్టెన్ మళ్లీ అడిగాడు. చెప్పాను సార్ అన్నాడు కో-పైలట్. కాసేపటికి కంట్రోలరు, విమానాన్ని ఇంకొంచెం దూరం తిప్పి తీసుకొస్తాను, మీ ఇంధనానికి ఇబ్బంది లేదు కదా అని అడిగాడు. ఫరవాలేదనుకుంటాను, థాంక్యూ అని జవాబు వెళ్లింది. ఇంజన్లు ఆగిపోయి విమానం లాంగ్ ఐలాండ్‌లో ఒక కొండ మీద కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు.

దీన్ని చదివిన చాలామంది, లాటిన్ అమెరికా వాళ్లకు అధికారం ముందు బెరుకు, అదీ సంగతి అని తేల్చేశారు. అది అన్యాయమైన తీర్పు. ఎందుకో చెబుతాను.

1977 మార్చి 27న కేనరీ దీవుల్లోని టెనెరిఫ్‌లో, పొగమంచులో, రెండు 747 విమానాలు, ఒకటి డచ్, ఒకటి అమెరికన్, రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది పోయారు. అనుమతి రాకుండానే విమానాన్ని పరుగు తీయించినవాడు డచ్ కెప్టెన్. హాఫ్‌స్టెడ్ పట్టికలో డచ్ వాళ్ల అంకె 38, అమెరికన్ల కంటే కూడా తక్కువ. ఆ కెప్టెన్ తన ఎయిర్‌లైన్‌లో 747 శిక్షణకు పెద్ద. పక్కన కూర్చున్న కో-పైలట్‌కు ఆ విమానం నడిపే అర్హత ఉందని అంతకు కొద్ది నెలల ముందే పరీక్షించి తేల్చింది ఆయనే. మొదటిసారి కెప్టెన్ తొందరపడినప్పుడు ఇంకా అనుమతి రాలేదని కో-పైలట్ గుర్తుచేశాడు. రెండోసారి గుర్తుచేయలేదు. వెనక కూర్చున్న ఫ్లయిట్ ఇంజనీరు, ఆ అమెరికా విమానం రన్‌వే మీంచి ఇంకా తప్పుకోలేదేమో అని సందేహపడ్డాడు. తప్పుకుంది అని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఊరుకున్నాడు. తన పరీక్ష పాస్ చేసిన గురువుని మూడో మనిషి ముందు రెండోసారి ఆపడం ఎంత కష్టమో చెప్పడానికి ఆసియావాళ్లమే అయి ఉండక్కర్లేదు.

ఆ తర్వాత ఏం చేశారన్నది ముఖ్యం. 1979లో నాసా ఈ విషయం మీద ఒక సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ కొత్త శిక్షణ మొదలుపెట్టింది. పోనుపోను ప్రపంచమంతా అదే పద్ధతి అయింది. అందులో జూనియర్లకు గట్టిగా మాట్లాడటం నేర్పడం సగమే. కెప్టెన్‌కు అడగడం నేర్పడం మిగతా సగం. ఏ దశలో ఎవరు ఏ మాట పైకి అనాలో రాసిపెట్టారు. చెక్‌లిస్టు ప్రకారం కో-పైలట్ కెప్టెన్‌ను ప్రశ్నిస్తే అది ధిక్కారం కాదు, అతని డ్యూటీ. మనిషి స్వభావాన్ని మార్చాలని చూడలేదు. మాట బయటికి రావడానికి దారి వేశారు.

కార్ల కర్మాగారాల్లో ఇదే పనిని ఒక తాడు చేసింది. టొయోటా ప్లాంటులో లైన్ పొడవునా పైన ఒక తాడు వేలాడేది. పనిలో తప్పు కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగగలిగేవాడు. లైట్ వెలిగేది, టీమ్ లీడరు పరిగెత్తుకొచ్చేవాడు, అవసరమైతే లైనే ఆగిపోయేది. జపాన్‌లో పుట్టిన పద్ధతి కాబట్టి జపాన్ వాళ్లకే చెల్లుతుందని చాలామంది అనుకున్నారు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక ప్లాంటు ఉండేది. పనికి డుమ్మా కొట్టేవాళ్లు, తగాదాలు, లోపాల కార్లు, అన్నిటికీ పేరు మోసింది. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి, నూమీ అన్న పేరుతో, అదే కప్పు కింద మళ్లీ తెరిచారు. తీసుకున్న కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియన్ కూడా పాతదే. కొందరిని జపాన్ పంపి చూపించి తెచ్చారు. కొద్ది కాలంలోనే అక్కడి కార్ల నాణ్యత జపాన్ ప్లాంట్లకు దీటుగా వచ్చింది. ఆ పనివాళ్లకు అంతకుముందు లైన్ ఆపితే ఉద్యోగం పోతుందన్న భయం ఉండేది. కొత్త ప్లాంటులో ఆపితే పక్కకొచ్చి, ఏం జరిగింది, ఎలా సరిచేద్దాం అని అడిగేవారు. తాడు కొనడం తేలిక. జనరల్ మోటార్స్ తన ఇతర ప్లాంట్లలో ఇదే పెట్టబోయి చాలా ఏళ్లు తంటాలు పడింది. లాగిన మొదటి మనిషిని ఒక్కసారి కసిరితే చాలు, రెండో మనిషి దాని జోలికి వెళ్లడు.

మన దేశంలో ఈ కథకు మొదటి పేజీ మారుతి. 1982 అక్టోబరు 2న సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న గుర్గావ్‌లో మొదటి కారు బయటికొచ్చింది. బీహెచ్ఈఎల్‌ను నడిపి వచ్చిన వి. కృష్ణమూర్తి, ఐఏఎస్ నుంచి వచ్చిన ఆర్.సి. భార్గవ ఇక్కడి సారథులు. అప్పటి మన ప్రభుత్వరంగ సంస్థలు ఎలా ఉండేవో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆఫీసరుకు వేరే క్యాంటీన్, వేరే మరుగుదొడ్డి, గది ముందు ప్యూను, తలుపు మీద పేరు. గుర్గావ్‌లో అందరికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్, గోడలు లేని ఆఫీసు పెట్టారు. మేనేజింగ్ డైరెక్టరూ అదే చొక్కా, ఫిట్టరూ అదే చొక్కా. కార్మికులను బృందాలుగా జపాన్ పంపించి సుజుకీ ప్లాంట్లలో పని చేయించి తెచ్చారు.

ఇందులో నాకు నచ్చేది ఒకటుంది. మన కార్మికుడికి జపాన్ సంస్కృతి పాఠాలు చెప్పి సరిపెట్టలేదు. మొదట మారాల్సి వచ్చింది మన ఆఫీసర్లే. పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడటం కిందివాళ్లకు కొత్తేమీ కాదు కదా. ఉన్నదాన్ని వదులుకోవాల్సింది పైనున్నవాళ్లే. మన దేశంలో కలిసి తినడం అంటే ఎంత పెద్ద మాటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరు వండాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్న దాని మీదే కులం కట్టుకుని ఉంది. జపాన్ వాళ్లు అది తెలిసి చేశారో తెలియక చేశారో, ఆ ఒక్క క్యాంటీన్ ఇక్కడ జపాన్‌లో కంటే పెద్ద పని చేసింది.

అలాగని చొక్కాతో అన్నీ సరిపోవు. అదే సంస్థకు చెందిన మానేసర్ ప్లాంటులో 2012 జులై 18న గొడవ చెలరేగింది. మంటల్లో ఒక మేనేజరు ప్రాణాలు పోయాయి. ప్లాంటు నెల రోజులు మూతపడింది. ఒకే లైను మీద, ఒకే చొక్కాలో, పక్కపక్కనే పనిచేసేవాళ్లలో కొందరు పర్మినెంటు, కొందరు కాంట్రాక్టు. జీతాల్లో చాలా తేడా. ఆ హింసను ఎవరూ సమర్థించరు, నేనూ సమర్థించను. కానీ పైకి సమానంగా కనిపించే చోట లోపల అంత తేడా ఉంటే, ఆ సమానత్వమే మనిషిని ఎక్కువగా గుచ్చుతుంది.

ఇప్పుడు మన ఇంటి దగ్గరికి వద్దాం. విజయనగర రాజుల కాలం నుంచి కోటకు పేరున్న పెనుకొండ పక్కన, ఎర్రమంచి దగ్గర, కియా కార్ల కర్మాగారం వచ్చింది. 2017లో ఒప్పందం, 2019లో మొదటి కారు సెల్టోస్. వానలు సరిగా పడని నేల మీద, వేరుశనగ పండించిన కుటుంబాల పిల్లలు షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. ఆ దారిలో కొరియా అక్షరాల బోర్డులు కనిపిస్తాయి, కొరియా హోటళ్లు వెలిశాయి. మనకూ కొరియన్లకూ కలిసే గుణాలు చాలా ఉన్నాయి. వయసుకు గౌరవం, పేరు పెట్టి పిలవకపోవడం, పెద్దాయన మాట్లాడుతుంటే అడ్డురాకపోవడం రెండు చోట్లా ఉన్నవే. బయటి నుంచి చూస్తే అందుకే కలిసిపోవడం సులువనిపిస్తుంది. నాకు మాత్రం ఇలాంటి చోటే ఎక్కువ జాగ్రత్త కావాలనిపిస్తుంది. ఇద్దరూ పెద్దల ముందు మౌనంగా ఉండేవాళ్లయితే, తప్పు దొర్లుతోందని ముందుగా చెప్పేదెవరు? తేడాలు ఉన్నచోట కనీసం గొడవైనా బయటపడుతుంది. పోలికలు ఉన్నచోట అది కూడా బయటికి రాదు.

మన సామాను సంగతీ ఒకటుంది. తెలుగువాళ్లం సముద్రాలు దాటినా మర్యాదలతో పాటు కులాన్ని కూడా మోసుకెళ్లాం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులం పేరిట వివక్ష చూపడాన్ని నిషేధించింది. అమెరికాలో అలాంటి నిర్ణయం తీసుకున్న మొదటి నగరం అదే. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న ప్రాంతం అది, మన పిల్లలు వేలల్లో పనిచేస్తున్న చోటు. ఆ చట్టం మనల్ని అవమానించిందని బాధపడినవాళ్లున్నారు. ఆ బాధను నేను పంచుకోలేను. తెల్ల మేనేజరుకు కనిపించని తేడా, ఇంటి పేరు అడిగి, ఊరు అడిగి, మాంసం తింటారా అని అడిగి, మనకు మాత్రమే తెలిసిపోయే తేడా పనిచోట ఒకరి ప్రమోషన్‌ను ఆపగలదు. బయటివాళ్ల వివక్ష గురించి ఫిర్యాదు చేసే హక్కు మనకు ఉంది. దానితో పాటు ఈ లెక్కా చూసుకోవాలి.

చివరగా నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పాలనుకున్న చోటికి వస్తాను. వైవిధ్యం అనగానే మనకు అద్దాల ఆఫీసులు గుర్తొస్తాయి. ఆ అద్దాల భవనాలను కడుతున్న చోట, హైదరాబాద్ పడమటి శివార్లలో, నార్సింగి, కోకాపేట వైపు వెళ్లి చూడండి. ముప్ఫై అంతస్తుల ఎత్తున ఒడిశా, బిహార్, జార్ఖండ్, బెంగాల్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు సెంట్రింగు కడుతుంటారు. మేస్త్రి తెలుగు, సేఫ్టీ ఆఫీసరు ఇంగ్లిష్, క్రేన్ ఆపరేటరు హిందీ. కింద గేటు దగ్గర జాగ్రత్తలు రాసిన పెద్ద బోర్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది. సంతాలీ మాట్లాడే కుర్రాడికి ఆ అక్షరాలు గోడ మీద రంగు మరకలతో సమానం.

ఒకప్పుడు ఇలా వెళ్లినవాళ్లం మనమే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా మట్టి మోసింది పాలమూరు లేబర్ అని పేరు. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్లారు, ఖరగ్‌పూర్ రైల్వేకు వెళ్లారు. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి ఇప్పటికీ గల్ఫ్‌కు వెళ్తున్నారు. అరబ్బీలో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి, అందులో ఏముందో తెలియక మోసపోయిన కుటుంబాలు ఆ ఊళ్లలో ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన నేల మీద ఒడియా కూలీకి అర్థంకాని బోర్డు పెట్టి చేతులు దులుపుకోవడం మనకు తగదు.

చట్టం ఏమందో చూడండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, నోటీసులు ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలోనూ ఉండాలన్న నియమం ఉండేది. ఎక్కువమందికి తెలిస్తే సరిపోయింది, మిగతావాళ్ల సంగతి రాయలేదు. 1979లో వలస కార్మికుల కోసం చేసిన, అదీ 2025 దాకానే అమల్లో ఉన్న చట్టం ఇంకో అడుగు వేసింది. ప్రతి వలస కార్మికుడికీ కాంట్రాక్టరు ఒక పాస్‌బుక్ ఇవ్వాలంది. అతని ఫొటో, పని చేసే చోటు, కూలి రేటు అందులో రాయాలంది. హిందీ, ఇంగ్లిష్ భాషల్లో రాసి, ఆ రెండూ అతని భాషలు కాకపోతే అతని భాషలో కూడా రాయాలంది. ఎక్కువమంది భాష అనలేదు, ఆ ఒక్క మనిషి భాష అన్నారు. ఒడిశా నుంచి దాదన్ పేరిట వలసపోయిన కూలీలు అనుభవించిన బాధల్లోంచి పుట్టిన చట్టం అది. పనిచోట వైవిధ్యం గురించి మన దేశంలో రాసిన వాక్యాల్లో అంతకంటే మంచిది నాకు కనిపించలేదు. దాన్ని అమలు చేసిన కాంట్రాక్టర్లు మాత్రం అరుదు.

ఆ ముప్ఫై అంతస్తుల ఎత్తున పని జరిగే చోట పొద్దున్నే పది నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ అని ఒకటి జరుగుతుంది. సూపర్‌వైజరు ఆరోజు జాగ్రత్తలు చెప్పి, అర్థమైందా అని అడుగుతాడు. అందరూ తల ఊపుతారు. అతను రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటాడు. ఇది మారాలి. ప్రతి గుంపులోనూ ఆ భాష తెలిసిన మనిషి ఒకడు ఉంటాడు, రెండు భాషలూ వచ్చినవాడు, సాధారణంగా నాలుగేళ్ల నుంచి ఇక్కడున్న పెద్ద కూలీ. అతన్ని పక్కన నిలబెట్టాలి. అర్థమైందా అని అడగడం మానేసి, బెల్టు కొక్కెం ఎక్కడ తగిలిస్తావు, తాడు తెగేలా కనిపిస్తే ఎవరికి కేక వేస్తావు అని ఆ కుర్రాడిని అతని భాషలోనే చెప్పించాలి. పైకి వెళ్లి చేసి చూపించమనాలి. పని ఆపమని ఎవరు అరిచినా, అరిచిన మనిషి నిన్న చేరిన హెల్పరైనా, ముందు ఆపి తర్వాత మాట్లాడాలన్న నియమం మేస్త్రి నోటితోనే రోజూ వినిపించాలి.

దీనికి పొద్దున పది నిమిషాలు చాలవు, అరగంట పడుతుంది. రెండు భాషలు తెలిసిన ఆ పెద్ద కూలీకి అదనంగా డబ్బు ఇవ్వాలి, అతను చేస్తున్నదీ పనే కాబట్టి. ఆ అరగంట ఖర్చు బిల్డరు పెట్టుకుంటాడా, కాంట్రాక్టరు పెట్టుకుంటాడా అన్నది వాళ్లిద్దరూ తేల్చుకోవాలి. కూలీ రోజు లెక్కలోంచి మాత్రం కోయకూడదు.